ఇంట్లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మార్చాలా, వద్దా?



గత ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో నాలుగు పేజీల ప్రాజెక్ట్ ఇచ్చాను. అంశం మన ఎలమంచిలి పక్కనే ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు. అంకుడు కర్ర ఎక్కడి నుంచి వస్తుంది, లక్కలో సహజ రంగులు ఎలా కలుపుతారు, 2017లో ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు ఎందుకు వచ్చింది, ఇవన్నీ పిల్లలు చక్కగా రాసుకొచ్చారు. ఒక పాప ప్రాజెక్ట్ మాత్రం చిందరవందరగా ఉంది. ఫొటో ఒక పేజీలో, దాని కింద ఉండాల్సిన పేరు ఇంకో పేజీలో. పట్టిక సగానికి తెగిపోయింది. తెలుగులో పెట్టిన శీర్షిక అక్షరాలు వేరే రూపంలోకి మారి రెండు లైన్లకు పాకింది. చివరి నిమిషంలో హడావుడిగా చేసిందనుకుని మార్కులు తగ్గించాను.

తర్వాతి పేరెంట్స్ మీటింగుకు వాళ్ల నాన్నగారు అచ్యుతాపురంలో డ్యూటీ దిగి, నేరుగా ల్యాప్‌టాప్ బ్యాగుతోనే వచ్చారు. ఫైలు తెరిచి చూపించారు. అందులో ఏ ఫొటో పేరు ఆ ఫొటో కిందే ఉంది. పట్టిక నిండుగా ఉంది. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేశారు, బజార్లో నెట్ సెంటర్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ప్రింట్ తీయించారు. తేడా అక్కడ వచ్చింది. పాప తప్పేమీ లేదు. మార్కులు సరిచేసి, పాపకు సారీ చెప్పాను. వెళ్లేముందు ఆయన అడిగారు: "మేడమ్, ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకోటి వేసేయమంటారా?"

నేను చెప్పేది ఇంగ్లీషు, కంప్యూటర్ కాదు. అందుకే ఆరోజు సమాధానం చెప్పలేకపోయాను. తర్వాత మా కంప్యూటర్ టీచర్‌ను అడిగి, నా ల్యాప్‌టాప్‌లో రెండు మూడు సాఫ్ట్‌వేర్లు వేసి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అదే ప్రశ్న చాలా ఇళ్లలో ఉందని ఈ ఏడాది మీటింగుల్లో తెలిసింది.

ముందే ఒక్క మాట. "ఏది మంచి సాఫ్ట్‌వేర్?" అని మొదలుపెడితే తేలదు. "మా ఇంట్లో తయారైన ఫైలు ఎవరి చేతికి వెళ్తుంది? అక్కడ వాళ్లు దేనిలో తెరుస్తారు?" అని మొదలుపెడితే పావుగంటలో తేలిపోతుంది.

ఉచితం అన్నవన్నీ ఒక రకం కావు

ఇళ్లలో నేను చూసినవి నాలుగు రకాలు.

మొదటిది, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేవి. ఓపెన్‌ఆఫీస్, లిబ్రేఆఫీస్ ఈ రకం. అకౌంట్ అక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తాయి, ప్రకటనలు ఉండవు. ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా ఉచితమే, చట్టబద్ధమే.

రెండోది, బ్రౌజర్‌లో వాడేవి. గూగుల్ డాక్స్, మైక్రోసాఫ్ట్ వారి ఉచిత వెబ్ వెర్షన్, జోహో రైటర్ లాంటివి. వీటికి అకౌంట్ కావాలి, మామూలుగా నెట్ కూడా ఉండాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ, అందులోనే మెయిల్, ఫొటోలు కూడా. మైక్రోసాఫ్ట్ ఇచ్చేది 5 జీబీ. ఇక్కడ పిల్లల అకౌంట్ ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది అన్నది సాఫ్ట్‌వేర్ కంటే ముఖ్యం.

మూడోది, డబ్ల్యూపీఎస్ లాంటివి. చూడ్డానికి వర్డ్‌లాగే ఉంటాయి, డాక్‌ఎక్స్ ఫైళ్లు తెరుస్తాయి. ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు వస్తాయి, కొన్ని సదుపాయాలకు డబ్బు కట్టాలి.

నాలుగోది ఉచితం కాదు, కానీ చాలామంది ఉచితమనే అనుకుంటారు. కంప్యూటర్ కొన్నప్పుడో, రిపేరుకు ఇచ్చినప్పుడో "ఆఫీస్ కూడా వేసేశాం సార్" అంటారు. బిల్లులో దాని పేరు ఉండదు, లైసెన్సు కాగితం ఉండదు. అది క్రాక్ చేసిన కాపీ అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి కాపీలతో పాటు వైరస్ రావచ్చు, అప్‌డేట్లు సరిగా రాకపోవచ్చు. మీరు అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు కూడా చేసుకుంటారు కదా. మీ ఇంట్లో ఉన్నది ఈ నాలుగో రకమైతే ఆలోచించాల్సింది ఏమీ లేదు, మార్చేయండి. మిగతా వ్యాసమంతా మొదటి మూడు రకాల వాళ్ల కోసం.

ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరు

ఎక్కువమంది అడిగేది ఓపెన్‌ఆఫీస్, లిబ్రేఆఫీస్‌ల గురించే. రెండూ ఒకేలా కనిపిస్తాయి, పేర్లూ దగ్గరగా ఉంటాయి. ఎందుకంటే రెండిటి పుట్టుక ఒకటే.

జర్మనీలో తయారైన స్టార్‌ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2000లో దాని కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టింది. అదే ఓపెన్‌ఆఫీస్. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఇక దీని గతేమిటో అన్న అనుమానంతో అందులో పనిచేస్తున్నవాళ్లలో చాలామంది అదే ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో వేరు కాపురం పెట్టారు. వాళ్లు కొనసాగించిందే లిబ్రేఆఫీస్. ఒరాకిల్ 2011లో ఓపెన్‌ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది.

పంపకాల తర్వాత ఇద్దరూ ఒకేలా నడవలేదు. ఓపెన్‌ఆఫీస్ 4.1 వెర్షన్ 2014లో వచ్చింది. ఆ తర్వాత వచ్చినవి దాదాపు అన్నీ 4.1కే చిన్న చిన్న మరమ్మతులు. లిబ్రేఆఫీస్ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు విడుదల చేస్తుంది. 2024 నుంచి వెర్షన్ నంబరులోనే సంవత్సరం, నెల ఉంటున్నాయి. 24.2 అంటే 2024 ఫిబ్రవరి. మీ కంప్యూటర్‌లో ఉన్నది ఎంత పాతదో హెల్ప్ మెనూలో చూస్తే తెలిసిపోతుంది.

మన పిల్లల పనికి వచ్చేసరికి ఒక తేడా మిగతా అన్నిటికంటే పెద్దది. ఓపెన్‌ఆఫీస్ డాక్‌ఎక్స్ ఫైలును తెరవగలదు, కానీ డాక్‌ఎక్స్‌గా సేవ్ చేయలేదు. పాత డాక్ రూపంలోనో, తన సొంత ఓడీటీ రూపంలోనో సేవ్ చేస్తుంది. లిబ్రేఆఫీస్ డాక్‌ఎక్స్‌ను తెరుస్తుంది, డాక్‌ఎక్స్‌గానే సేవ్ కూడా చేస్తుంది. స్కూలు నుంచి వాట్సాప్‌లో వర్క్‌షీట్ డాక్‌ఎక్స్‌లో వస్తుంది. పిల్లలు దాన్ని పూరించి తిరిగి పంపాలి. ఆ ఒక్క పనికి ఈ తేడా చాలు.

ఓడీటీ చెడ్డ రూపమని కాదు. అది 2006లోనే ఐఎస్ఓ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు కాబట్టి ఏళ్ల తరబడి దాచుకోవాల్సిన వాటికి మంచిదే. కాకపోతే నెట్ సెంటర్‌లోనూ, చాలా ఫోన్లలోనూ ఎదురుచూసేది డాక్‌ఎక్స్‌నే.

పిల్లల పుస్తకం ఏమంటోంది?

సీబీఎస్ఈ సిలబస్‌లో 9, 10 తరగతులకు ఐటీ (కోడ్ 402) సబ్జెక్టు తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఇది గమనించండి. ఆ సబ్జెక్టు పాఠాలు ఒకప్పుడు ఓపెన్‌ఆఫీస్ బొమ్మలతో ఉండేవి. ఇప్పటి పాఠ్యపుస్తకం లిబ్రేఆఫీస్‌తో నడుస్తుంది. డాక్యుమెంట్లకు రైటర్, లెక్కల షీటుకు క్యాల్క్, డేటాబేస్‌కు బేస్. వంద మార్కుల్లో 50 థియరీకి, 50 ప్రాక్టికల్, ప్రాజెక్ట్ పనులకు. స్టైల్స్, మెయిల్ మెర్జ్, గోల్ సీక్ లాంటివి ఏ మెనూలో ఉంటాయో చేయి అలవాటు పడాలంటే ఇంట్లో కూడా అదే ఉండటం మేలు. పాత గైడు చూసి ఓపెన్‌ఆఫీస్ వేసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు మారితే మంచిది.

ఇంకో సంగతి. బేస్‌లో కొన్ని పనులకు జావా కావాలని కంప్యూటర్ అడుగుతుంది. అది చూసి సాఫ్ట్‌వేర్ పాడైందని తీసేయకండి. జావా వేస్తే సరిపోతుంది.

మూడు ఫైళ్ల పరీక్ష

ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నా మాట కూడా. ఆదివారం ఒక అరగంట కేటాయించి ఇలా చేసి చూడండి.

ఒకటి, పాప లేదా బాబు ఇదివరకు చేసిన ప్రాజెక్ట్ ఫైలు. ఫొటోలు, పట్టిక, తెలుగు శీర్షిక మూడూ ఉన్నది ఎంచుకోండి.

రెండు, మీ సొంత లెక్కల షీటు. ఇంటి ఖర్చులు కావచ్చు, షాపు లెక్కలు కావచ్చు, చీటీల లెక్క కావచ్చు. ఫార్ములాలు ఉన్నదైతే మంచిది.

మూడు, స్కూలు నుంచి వచ్చిన ఒక వర్క్‌షీట్ లేదా మీ ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఫారం.

ముందు ఈ మూడిటికీ కాపీలు తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టండి. కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాతదాని పక్కనే వేయండి. ఓపెన్‌ఆఫీస్, లిబ్రేఆఫీస్ రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండగలవు, పాతది ఇప్పుడే తీసేయక్కర్లేదు. కాపీలను కొత్తదానిలో తెరిచి నాలుగు విషయాలు చూడండి. పేజీల సంఖ్య మారిందా? పట్టిక గీతలు కదిలాయా? షీటులో మొత్తాలు అంతకుముందు వచ్చినవే వస్తున్నాయా? తెలుగు అక్షరాల్లో ఒత్తులు సరైన చోట ఉన్నాయా?

ఆ తర్వాత అసలు పరీక్ష. ఒక చిన్న మార్పు చేసి, సేవ్ చేసి, ఆ ఫైలును మీరు మామూలుగా ప్రింట్ తీయించే చోటుకు పంపండి. అక్కడ తెరిచి చూడమనండి. మీ ఫోన్‌లో కూడా తెరిచి చూడండి. ఇంట్లో బాగుండి అక్కడ చెదిరిపోతే, అక్కడి ఫలితాన్నే లెక్కలోకి తీసుకోండి. మన పాపకు జరిగింది అదే.

షీటులో మాక్రోలు ఉంటే ప్రత్యేకంగా చూసుకోండి. వ్యాపారం చేసేవాళ్లకు, కాంట్రాక్టు పనుల బిల్లులు వేసుకునేవాళ్లకు ఇవి ఉంటాయి. ఎక్సెల్‌లో రాసిన మాక్రోలు లిబ్రేఆఫీస్‌లో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. అవి నడవకపోతే ఆ ఒక్క పని పాతచోటే ఉంచుకుని, పిల్లల పని కొత్తదానిలో చేయించండి. అంతా ఒక్కసారే మారాలని ఎక్కడా లేదు.

ఇక ఏ ఇంటికి ఏది?

ఇంట్లో ఓపెన్‌ఆఫీస్ ఉందా? లిబ్రేఆఫీస్‌కు మారండి. పాత ఫైళ్లు మామూలుగా అలాగే తెరుచుకుంటాయి, కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ, లాభం స్పష్టం.

లిబ్రేఆఫీస్ ఉందా? మార్చకండి, అప్‌డేట్ చేయండి. "వర్డ్‌లా లేదు" అన్నది మాత్రమే ఫిర్యాదు అయితే వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి ట్యాబ్డ్ ఎంచుకోండి. పైనున్న బటన్ల వరుస వర్డ్‌కు దగ్గరగా మారిపోతుంది.

గూగుల్ డాక్స్ వాడుతున్నారా? ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఒకే ప్రాజెక్ట్ చేసేటప్పుడు దానికి సాటి లేదు. కొనసాగించండి. కానీ నెట్ పోయిన రాత్రి కోసం కంప్యూటర్‌లో ఒక ఆఫ్‌లైన్ సాఫ్ట్‌వేర్ ఉంచుకోండి. ముఖ్యమైన ఫైళ్లను నెలకోసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.

డబ్ల్యూపీఎస్‌తో పని సాగుతోందా? ప్రకటనలు పిల్లల్ని పక్కకు లాగడం లేదా అని ఒక వారం గమనించండి. లాగుతుంటే మార్చండి. లేకపోతే తొందరేమీ లేదు.

తెలుగు సంగతి

సాఫ్ట్‌వేర్ మారిస్తే తెలుగు చెడిపోతుందని చాలామందికి భయం. ఇందులో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి.

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో టైప్ చేస్తారు. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు. యూనికోడ్‌లో టైప్ చేసి ఇవ్వమని అడగాలి, లేదా పీడీఎఫ్ తీసుకోవాలి.

ఇంట్లో పిల్లలు టైప్ చేసేది యూనికోడే. అక్కడ వచ్చే సమస్య ఫాంటు లేకపోవడం. మీరు రామభద్రలో శీర్షిక పెట్టారు, నెట్ సెంటర్‌లో ఆ ఫాంటు లేదు. ఆ కంప్యూటర్ తనకున్న వేరే తెలుగు ఫాంటు వేసుకుంటుంది, వెడల్పు మారి లైను విరుగుతుంది. మండలి, రామభద్ర, గిడుగు, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాడుకోండి. కానీ ప్రింటుకు పంపేది మాత్రం పీడీఎఫ్‌గా పంపండి. అందులో ఫాంటు కూడా ఫైలుతోపాటే వెళ్తుంది. ఓపెన్‌ఆఫీస్, లిబ్రేఆఫీస్ రెండిట్లోనూ ఫైల్ మెనూలోనే పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. విడిగా యాప్ అక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు కూడా వాడతారనుకుంటే, లిబ్రేఆఫీస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ అన్నది ఎంచుకుని తెలుగు మెనూలు కూడా వేసుకోవచ్చు. పరీక్ష రాసే పిల్లలకు మాత్రం ఇంగ్లీషు మెనూలే ఉంచండి, పుస్తకంలో అవే ఉంటాయి.

మారితే ఇలా మారండి

సాఫ్ట్‌వేర్‌ను లిబ్రేఆఫీస్ డాట్ ఓఆర్‌జీ అన్న సొంత సైటు నుంచే తీసుకోండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనలు నొక్కకండి. డబ్బు అడిగినా, కార్డు నంబరు అడిగినా అది మీరు వెతుకుతున్న చోటు కాదు. విండోస్ 7 లేదా 8 ఉన్న పాత కంప్యూటర్లకు 2025 ఆగస్టులో వచ్చిన 25.8, ఆ తర్వాతి వెర్షన్లు పనిచేయవు. వాళ్లు అంతకుముందు వెర్షన్ తీసుకోవాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, అందులో జనరల్ తెరవండి. టెక్స్ట్ డాక్యుమెంట్లను ఎప్పుడూ వర్డ్ రూపంలో సేవ్ చేయమని అక్కడ ఒకసారి చెబితే చాలు, ప్రతిసారీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాలిబ్రి, కాంబ్రియా ఫాంట్లు మీ కంప్యూటర్‌లో లేకపోయినా కంగారు పడకండి. అదే వెడల్పు ఉన్న కార్లిటో, కాలడియా ఫాంట్లు లిబ్రేఆఫీస్‌తోపాటే వస్తాయి. లైన్లు పెద్దగా కదలవు.

నెల రోజులు రెండూ ఉంచండి. ఆ నెలలో పాతదాన్ని ఒక్కసారి కూడా తెరవకపోతే అప్పుడు తీసేయండి.

సమయం కూడా ముఖ్యం. పరీక్షల ముందు, ప్రాజెక్ట్ గడువు వారంలో మార్చకండి. దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో, వేసవో చూసుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వేయండి. చాలా ఇళ్లలో వాళ్లే మనకు నేర్పుతారు.

పెద్దవాళ్లకూ ఇదే ప్రశ్న

ఈ ప్రశ్న మన ఇళ్లకే రాలేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారాలని నిర్ణయించింది. ముందు ఓపెన్‌ఆఫీస్, తర్వాత లిబ్రేఆఫీస్ వాడింది. బయటి ఆఫీసులతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులున్నాయన్న ఫిర్యాదుల మధ్య 2017లో విండోస్‌కు తిరిగి వెళ్లాలని ఓటు వేసింది. మన పక్కన కేరళలో కథ వేరు. 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ పథకం, 2017 నుంచి కైట్ పేరుతో, ప్రభుత్వ బడుల్లో ఉచిత సాఫ్ట్‌వేర్‌నే నడుపుతోంది. అక్కడ టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలూ దాంతోనే రాశారు. ఫైలు ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ ఒకే దారిలో ఉన్నారు.

అందుకే ఇందులో మా వంతు కూడా ఉంది. ఈ ఏడాది నుంచి నా క్లాసు పిల్లల్ని ప్రాజెక్ట్ రెండు రూపాల్లో పంపమంటున్నాను. మార్కులు వేయడానికి పీడీఎఫ్, తప్పులు దిద్ది తిరిగి పంపడానికి డాక్‌ఎక్స్. ప్రింటులో ఏదైనా చెదిరి కనిపిస్తే మార్కులు వేసేముందు పీడీఎఫ్ తెరిచి చూస్తున్నాను. మీ ఇంట్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా పిల్లల కష్టం మాత్రం మా దగ్గరికి చెదరకుండా రావాలి.

మూడు ఫైళ్ల పరీక్షలో ఏదైనా తేడా వస్తే, వచ్చే పేరెంట్స్ మీటింగుకు ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. ల్యాప్‌టాప్ ఉంటే అదీ తీసుకురండి. కంప్యూటర్ టీచర్‌తో కలిసి కూర్చుని చూద్దాం.